తిన్నావా అని అడగరాదు

సోమవారం, పోటు

ఇందుమూలంగా ఏడో రేవు ప్రజలకు, పడవల వాళ్లకు, ఆఫీసు కిటికీ మీద వాలే కాకులకు తెలియజేయడమేమంటే: ఈ కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క చెంచా నేటి నుంచి పరాయి గుమాస్తా గారి అధీనంలో ఉంటుంది. టీలో పంచదార కలుపుకోదలచినవారు గుమాస్తా గారి ఎదుట నిలబడి, గొంతు సవరించుకుని, చెంచా కావలసిన కారణం విన్నవించుకోవాలి. వేలితో కలుపుకున్నవారి టీ జప్తు చేయబడును. బిస్కెట్టును టీలో ముంచి విరగ్గొట్టుకున్నవారు ఆ శవాన్ని తామే వెలికి తీసుకోవాలి. గుమాస్తా గారి చెంచా అటువంటి అంత్యక్రియలకు రాదు.

ఇట్లు, గుర్రాల పోలినాయుడు, పరాయి గుమాస్తా, వరహాలమ్మ అండ్ కంపెనీ, ఏడో రేవు, నీటివాడ.

ప్రకటన గోడకు అంటించాను. మా మెకానిక్ సూరిదేముడు అదంతా శ్రద్ధగా చదివి, స్క్రూడ్రైవర్‌తో టీ కలుపుకున్నాడు. స్క్రూడ్రైవర్ సంగతి రాయనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. చట్టంలో సందు వదలడం నా ఉద్యోగానికే మచ్చ.

నా ఉద్యోగం అదే మరి, సందులు మూయడం. పదో తరగతి గట్టెక్కనివాణ్ణి ఈ కుర్చీలో కూర్చోబెట్టారంటే నా చదువు చూసి కాదు, నా నాలుక చూసి. ఎవరినైనా దూరం పెట్టాలంటే నీ తర్వాతే ఎవరైనా అంది మా యజమానురాలు వరహాలమ్మ. ఆ రోజు పొగడ్తనే అనుకున్నాను, ఈ రోజూ అలాగే అనుకుంటున్నాను.

మా కంపెనీ ఓడల పొట్టలు గీకుతుంది. ఓడ అడుగున పట్టే గవ్వల పెచ్చులు ఊడదీయడానికి నీళ్లలోకి మనుషులు దిగరు, మేకంతేసి ఇనప పీతలు దిగుతాయి. వాటిని ఆడించేవాళ్లు ఎక్కడెక్కడో కొండల మీద, ఇసక మేటల మీద, తమ ఇళ్లల్లో కూర్చుని చేతులకు తొడుగులు వేసుకుంటారు. అక్కడ వేలు ముడిస్తే ఇక్కడ కొండి ముడుచుకుంటుంది. ఇక్కడ కొండికి దెబ్బ తగిలితే అక్కడ వేలికి తెలుస్తుంది. వాళ్లెవరూ మా మనుషులు కారు, గుత్తేదార్లు. ఎవరి గుత్త వాళ్లది, ఎవరి ఆకలి వాళ్లది.

ఈ తేడా మీదే మా కంపెనీ తేలుతోంది. మా మనిషి అని తేలితే ఆ మనిషి జ్వరం మాది, గాయం మాది, ముసలితనం మాది. గుత్తేదారు అని తేలితే నమస్కారం ఒక్కటే మాది. ఎవరు మనవాళ్లో ఎవరు పరాయో తేల్చడానికి పరాయి చట్టం అని ఒకటుంది, అది కొన్ని గుర్తులు పెట్టింది. ఫలానా వేళకు రమ్మనకూడదు. పనిముట్లు ఇవ్వకూడదు. ఇలా చెయ్యి, అలా ఆపు అనకూడదు. వీటన్నిటినీ మించింది ఇంకోటి ఉంది: తిన్నావా అని అడగకూడదు. మనిషి కడుపు సంగతి విచారించినవాడే యజమాని అని పెద్ద కోర్టు తీర్పు.

మన జనానికి ఇంతకంటే పెద్ద ఉరి ఉండదు. మనకి అది ప్రశ్న కాదు, ఊపిరి. మూడో రేవులో వలలు అల్లించే పెద్దమనిషి ఒకాయన పొద్దున్నే లైను కలిపి అలవాటు కొద్దీ "తిన్నారా బాబూ" అన్నాడు. లైను మీద ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా ఆయన ఉద్యోగులైపోయారు. ఇప్పుడాయనే ఇంకెవరికో వలలు అల్లుతున్నాడు, గుత్తకి.

వరహాలమ్మ నోరు మనిషి ముఖం కనబడితే చాలు అన్నం వైపు తిరుగుతుంది. "తి" అనగానే టేబుల్ కింద ఆవిడ కాలు తొక్కుతాను. ఆవిడ బొటనవేలి గోరు నల్లబడింది గానీ కంపెనీ నిలబడింది. ఇప్పుడు తిన్నావా అనాలనిపించినప్పుడల్లా "తొడుగు పనిచేస్తోందాండీ" అంటోంది. అదే ఆప్యాయతతో.

మంగళవారం, ఆటు

లైను మీద అందరికంటే పనిమంతురాలు అసిరమ్మ. ఉండేది మబ్బుగూడెం కొండ మీద. ఇంట్లో తనూ ఒక పిల్లీ. ఆవిడ గీకిన ఓడ పొట్టలో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అలాంటి మనిషిని ఏడిపించకుండా ఉండటం నా వల్ల కాదు.

"గుత్తేదారు గారూ, నమస్కారం," అన్నాను. చట్టం ప్రకారం వరసలు కలపకూడదు గనక ఇంత గౌరవం. "ఓడకి ఎడంపక్కన ఒక తాబేలు పడుకుని ఉంది. రక్షిత ప్రాణి. దాని నిద్ర చెడితే కేసు. మీ ఇష్టం అనుకోండి, కానీ చుట్టూ గీకితే బాగుంటుంది."

"ఎంత తాబేలు బాబూ?"

"మీ ఇంటి తలుపంత."

"నాకు కనబడ్డం నేదే."

"రక్షిత ప్రాణులు కనబడవండి. అందుకే కదా రక్షించారు."

సాయంత్రం పీతని పైకి లాగేసరికి అద్దంలాంటి ఓడ పొట్ట మీద తలుపంత పెచ్చుల మచ్చ. పొద్దస్తమానం లేని తాబేలు చుట్టూ కొండి మడమలెత్తి నడిచిందన్నమాట. సూరిదేముడు, నేను గోడ పట్టుకుని నవ్వాం. ఓడ వాళ్లు ఆ మచ్చ గీకించమంటే, గుత్తేదారు పని లోపం అని చెప్పి ఆవిడ చేతే మళ్లీ గీకించాను. పైసా ఇవ్వకుండా.

బుధవారం, పోటు

పొద్దున్నే అసిరమ్మ లైను కలిపింది.

"నాయుడు బాబూ, ఆ తాబేలు గుడ్లెట్టినాదండి. పిల్లలు బయటికొచ్చి ఆకలంటన్నాయి. తిన్నారా అని ఆటిని అడగొచ్చా? నేకపోతే అయ్యి కూడా గుత్తకేనా?"

సూరిదేముడికి టీ ముక్కులోకి వెళ్లింది. వరహాలమ్మ పడి పడి నవ్వి, నవ్వులో "ఏటే నువ్వు, తిన్..." అనబోయింది. తొక్కాను.

నవ్వయ్యాక అసిరమ్మ అసలు సంగతి చెప్పింది. కుడిచేతి తొడుగు బిగుసుకుపోతోంది. ప్రమాదం వస్తే తొడుగును దానంతటదే వదులు చేసే మీట ఒకటుంటుంది, అది చచ్చిపోయింది. పాతసామాన్లవాడి దగ్గర కొన్న తొడుగు మరి.

సూరిదేముడు బీరువా తెరిచాడు. మేం పీతల్ని పరీక్షించుకోవడానికి తెచ్చుకున్న కొత్త తొడుగులు అందులో జతలు జతలుగా ఉన్నాయి.

"ఒక జత పంపించేద్దాం నాయుడూ. ఇక్కడ బూజు పడతన్నాయి."

"పంపితే పనిముట్టు ఇచ్చినట్టు."

"బూజు దులిపి పంపుతాను."

"బూజుతో పంపినా చట్టం చట్టమే."

వరహాలమ్మ బీరువా వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. నేను లైను దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నాను. "గుత్తేదారు గారూ, మీ పనిముట్టు మీ ఇష్టం. మంచిది కొనుక్కోమని కూడా మేం అనలేం. అంటే సలహా అవుతుంది. సలహా ముదిరితే ఆజ్ఞ అవుతుంది. ఆజ్ఞ ఇచ్చామంటే మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్నట్టే."

"దగ్గితే ఏటవుద్ది బాబూ?"

"అది మీ సొంత దగ్గు. నిరభ్యంతరంగా దగ్గండి."

"సరే, ఇదే ఏసుకుంటాను. నా సెయ్యి నాదే కదా."

"అక్షరాలా," అన్నాను. నా కొలువు మొదలైనప్పటి నుంచీ అంత చట్టబద్ధమైన మాట ఏ గుత్తేదారు నోటా వినలేదు. బీరువాకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాను.

గురువారం, పోటు

అసిరమ్మ పీత చుక్కాని సందులోకి వెళ్లింది. పోటు మీద ఓడ కదిలింది. కొండి చుక్కానికీ ఓడ పొట్టకీ మధ్య ఇరుక్కుంది.

ఇక్కడ కొండి నలిగితే అక్కడ తొడుగు బిగుస్తుంది. మామూలు తొడుగైతే మీట పడి, వదులై, చెయ్యి బయటికొచ్చేస్తుంది. లైనులోంచి అరుపు రాలేదు. "బాబూ" అని ఒక్క మాట వచ్చింది.

ఆపండి అనకూడదు. ఆపమనడం ఆజ్ఞ. "గుత్తేదారు గారూ, మీకు ఇష్టమైతే పని ఆపుకోవచ్చు," అన్నాను. ఆ మాట అన్నాను. సరిగ్గా ఆ మాటే, ఆ 'గారూ'తో సహా.

సూరిదేముడు గునపం పట్టుకుని నీళ్లలోకి దూకాడు. కొండిని విడదీసి పైకొచ్చేసరికి లైనులో పిల్లి అరుపు తప్ప ఏమీ లేదు. వరహాలమ్మ తెర ముందు నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తొక్కాల్సిన అవసరం రాలేదు.

శుక్రవారం, ఆటు

పక్కింటావిడ చూసి చెప్పిన ప్రకారం అసిరమ్మ బతికే ఉంది. తొడుగు చేతి మీదే బిగుసుకుపోయింది. ఊడదీయాలంటే పెద్దాసుపత్రి యంత్రం కావాలి. చెయ్యి లోపల ఉబ్బుతోంది. శనివారం సాయంత్రం దాటితే తొడుగుతో పాటు చెయ్యీ తీసెయ్యాల్సిందే అని కొండ మీది డాక్టరు చెప్పాడు.

కొండ మీద కార్మికుల ఆసుపత్రి ఉంది, యంత్రం ఉంది, కానీ ఏదో ఒక సంస్థ మనిషైతేనే తలుపు తీస్తారు. గాయం చేసిన కొండి సముద్రంలో ఉంది, నీటివాడకు పొమ్మన్నారట. నీటివాడ ఆసుపత్రిని అడిగితే, గాయపడిన చెయ్యి కొండ మీద ఉంది, అక్కడే ఉండమన్నారు. చేతికి ఒక ఊరు, నొప్పికి ఇంకో ఊరు. ఇంకెప్పుడైనా అయితే ఈ సంగతి మీద వారం రోజులు హాస్యమాడేవాణ్ణి.

మధ్యాహ్నం విచారణాధికారి భానోజీ తెర మీదికొచ్చాడు. నిద్ర లేని ముఖం, నలిగిన చొక్కా. ఊరి తగవు క్షణంలో తేల్చేశాడు: ఒళ్లు ఎక్కడ కూర్చుంటే ఆ ఊరి చట్టమే. కొండ ఆసుపత్రి చేర్చుకోవాల్సిందే, ఆవిడ వరహాలమ్మ కంపెనీ మనిషైతే.

"వేళ చెప్పారా?" అన్నాడు.

"లేదండి," అన్నాను.

"పనిముట్టు ఇచ్చారా?"

"బూజు కూడా ఇవ్వలేదండి."

"తిన్నావా అని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?"

"ఒక్కసారి కూడా లేదండి." గర్వంగానే చెప్పాను. నా కాలికింద నలిగిన బొటనవేళ్లే సాక్షి.

భానోజీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రేపు ఉదయం విచారణ ముగిస్తాను. అది ముగిసేదాకా మీ మధ్య ఒప్పందం బతికే ఉంటుంది. ఈలోగా సంస్థ మనిషి ఎవరైనా ఆవిణ్ణి అడిగితే అడిగినట్టే. ఇది సలహా కాదు. రేపు మబ్బు పడుతుందని చెప్పినట్టు చెబుతున్నాను."

ఆయన మాట పూర్తికాకుండానే సూరిదేముడు లైను మీద పడ్డాడు. "అసిరమ్మా! తిన్నావా తల్లీ!"

భానోజీ వంగి చూశాడు. "మీరు సంస్థ మనిషేనా?"

"ఈ గోడలు లేవకముందు నుంచీ ఇక్కడే సేస్తన్నానండి."

నిజం చెప్పడం నా విధి. "ఆయనా గుత్తేదారేనండి. స్క్రూడ్రైవర్ కూడా సొంతమే."

"పరాయివాడు పరాయిదాన్ని అడిగితే అది మర్యాద కిందికి వస్తుంది," అన్నాడు భానోజీ. "చట్టం కిందికి రాదు."

సూరిదేముడు నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. స్క్రూడ్రైవర్ మాత్రం అతని చేతిలోనే ఉంది. నేను కాస్త దూరంగా కూర్చున్నాను.

శనివారం, పోటు

విచారణకు ముందు వరహాలమ్మ చేపల సంచి తీసుకుని బయల్దేరింది.

"ఎక్కడికండీ? భానోజీ గారు వచ్చే వేళ."

"నానుంటే అడిగేత్తాను నాయుడూ. నా నోటి సంగతి నాకు తెలుసు. అడిగితే ఆ సెయ్యి ఖర్చు మనది, అక్కణ్ణుంచి లైను మీదున్నోళ్లందరూ మనోళ్లే. పీతలు అమ్ముకోవాల. కంపెనీ మునిగిపోతాది. నువ్వూ రోడ్డు మీదే."

"అయితే అడగొద్దంటారు."

"నానేటీ అన్నేదు. అలగనీ అడగమనీ అన్నేదు. నీ సదువు నీది."

వెళ్లిపోయింది. గుమ్మం దాటేటప్పుడు కుంటింది. కుడికాలు బొటనవేలు.

సూరిదేముడు రేవులో కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. సంస్థ మనుషులం ఇద్దరమే, వరహాలమ్మా నేనూ. ఇప్పుడు ఒక్కణ్ణే.

లైను మోగింది. అసిరమ్మ ఎడమచేత్తో కలిపినట్టుంది, బొమ్మ వంకరగా వచ్చింది.

"బాబూ, ఆ అధికారి సెప్పింది ఇన్నాను. ఓపాలి అడుగు."

"అడిగితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. మీ కంపెనీకి దెబ్బే. పీతలకి కొండ్లు బోల్డు. నాకు ఈ సెయ్యి ఒకటే." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఉద్దేశం ఎట్టుకుని అడక్కు. ఊరికే నోటి అలవాటుగా అడుగు. మీ అమ్మ నేర్పే ఉంటాదిగా."

"మా అమ్మ నేర్పలేదు. మా ఇంట్లో అందరం ముందే తినేసి కూర్చునేవాళ్లం."

పకపకా నవ్వబోయింది, నవ్వు మధ్యలో తెగింది. "నవ్వించకు బాబూ. నవ్వితే సెయ్యి లాగతంది."

శనివారం, విచారణ అయ్యాక

అడిగాను.

భానోజీ తెర మీదికొచ్చి, ముగించే ముందు సంస్థ తరఫున చెప్పేది ఏమైనా ఉందా అన్నాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. "అసిరమ్మా, తిన్నావా?" అన్నాను. గుత్తేదారు గారూ అనలేదు. పేరు పెట్టి అడిగాను.

"నేదు బాబూ," అంది. "పక్కింటావిడ గంజి ఎట్టింది. ఎడమసేత్తో తాగబోతే సగం ఒళ్లో పోయింది. మిగతాది పిల్లి తాగింది."

భానోజీ బల్ల మీద అరచెయ్యి వేసి, ఉద్యోగి, అన్నాడు. ఆ ఒక్క మాటే. మధ్యాహ్నానికల్లా కొండ ఆసుపత్రి వాళ్లు డోలీ పంపారు. తొడుగు కోసి తీశారు. నాలుగు వేళ్లు కదులుతున్నాయి, బొటనవేలు కాస్త మొరాయిస్తోందట. రేవులో కూర్చున్న సూరిదేముడు లోపలికొచ్చి నా టీ తన స్క్రూడ్రైవర్‌తో కలిపిపెట్టాడు.

వరహాలమ్మ చేపలతో వచ్చింది. సంగతి విని నా పుట్టుకను, నా నాలుకను, నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన తన బుద్ధిని వరసగా తిట్టింది. తిట్టి తిట్టి ఏడ్చింది. కంపెనీ పోతే పోయింది, పీతల్ని ఎవడో ఒకడు కొంటాడు అంది. పొయ్యి వెలిగించి చేపల కూర వండింది.

ఆదివారం, ఆటు

ఇప్పటిదాకా రాసినవన్నీ జరిగినవే. వరహాలమ్మ కుంటుతూ వెళ్లడం జరిగింది, గునపం జరిగింది, పిల్లి జరిగింది. ఒక్క సంగతి మాత్రం పూర్తిగా కల్పితం. నేను అడిగానని రాశానే, అది. అడగలేదు.

భానోజీ అవకాశం ఇచ్చినమాట నిజం. ఒకసారి కాదు. చెప్పేది ఏమైనా ఉందా అన్నాడు, గ్లాసుడు నీళ్లు తాగాడు, మళ్లీ ఉందా అన్నాడు, కాగితాలు సర్దాడు, మళ్లీ అన్నాడు. తెర మీద అసిరమ్మ తల దువ్వుకుని కూర్చుంది. ఎవరో ఎడమచేతికి గాజులు కూడా వేశారు. కుడిచేతి మీద తడిగుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద చెయ్యి ఎంత లావుందో కనబడుతూనే ఉంది.

కంపెనీ కోసం ఊరుకున్నాను అని రాసుకుంటే నాకు గౌరవంగా ఉండేది. ఆ క్షణంలో కంపెనీ నాకు గుర్తు లేదు. లేచి నిలబడ్డాను. మాట పళ్లదాకా వచ్చింది. ఎదురుగా అధికారి, తెర, కిటికీలోంచి సూరిదేముడు, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నలుగురు నా నోటి వైపు చూస్తే అందులోంచి వచ్చేది ఎప్పుడూ ఒకటే.

"గుత్తేదారు గారూ," అన్నాను, "ఆ తొడుగు మాకు తిరిగి ఇవ్వనక్కర్లేదు. మీరే ఉంచుకోండి."

భానోజీకి నవ్వొచ్చింది. వెంటనే అరచేత్తో నోరు మూసుకున్నాడు, కానీ వచ్చింది. కిటికీలో సూరిదేముడి ముఖం లేదు. అసిరమ్మ కూడా నవ్వింది, చెయ్యి లాగేంతగా నవ్వింది. నవ్వి, నుదురు భుజానికి తుడుచుకుంది.

"బాగుంది బాబూ," అంది. "పొద్దెక్కిపోయింది. నువ్వు తిన్నావా?"

భానోజీ నా వైపు చూడకుండా, గుత్తేదారు అడిగిన ప్రశ్న లెక్కలోకి రాదు, విచారణ ముగిసింది, అన్నాడు. లైను కట్ చేశారు. డోలీ ఎవరూ పంపలేదు. రాత్రి కొండ మీది డాక్టరే మోచేతి దాకా తీసేశాడని పక్కింటావిడ ఇందాక చెప్పింది. సోమవారం నుంచి ఆ పీత మీదికి కొత్త గుత్తేదారు వస్తున్నాడు. తొడుగు సొంతమేనట.

చేపల కూర మాత్రం వరహాలమ్మ నిజంగానే వండింది. విచారణలో ఏమైందని అడగలేదు. పళ్లెం నా ముందుకు తోసింది. తిన్నాను.